నోటరీ ముద్ర పడినంత మాత్రాన జాగా మీదైపోదు!

తిరుపతి, చిత్తూరు జిల్లాల అన్నలారా, అక్కలారా, పెద్దలారా!

"అగ్రిమెంటు రాసుకున్నాం, నోటరీ కూడా చేయించేశాం. ఇంగ ఏం భయం లేదన్నా!"

కరకంబాడి రోడ్డులో ప్లాటు కొన్నవాళ్ళు ఈ మాట అంటారు. తిరుచానూరు పక్కన రెండు సెంట్లు కొన్నవాళ్ళు అంటారు. చిత్తూరు మురకంబట్టు వైపు ఇంటి స్థలం కొన్నవాళ్ళూ అంటారు. అమ్మినాయన ఆ మాటే ముందుగా చెప్పి, డబ్బు లెక్కపెట్టుకుని పోయి ఉంటాడు. కొన్నవాళ్ళు ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, బీరువాలో పట్టుచీరల కింద దాచి, ఏడుకొండలవాడి మీద భారం వేసి పడుకుంటారు.

ఈ కరపత్రం ఆ కాగితం గురించే. బస్టాండులో చేతికిచ్చారని మడిచి పారేయకండి. ఇంటికి తీసుకుపోయి, చదువు రాని పెద్దవాళ్ళకు చదివి వినిపించండి.

ఆ ముద్ర ఏం చెబుతుంది, ఏం చెప్పదు?

నోటరీ అంటే 1952 నాటి నోటరీల చట్టం కింద ప్రభుత్వం నియమించిన లాయరు. ఆయన ముద్ర చెప్పేది ఒకటే: ఫలానా మనిషి నా ఎదుటికి వచ్చాడు, తానెవరో చూపించాడు, ఈ కాగితం మీద నా ముందరే సంతకం పెట్టాడు. అంతకు మించి ఏమీ లేదు. ఆ జాగా అమ్మినవాడిదేనా, అన్నదమ్ములకు భాగం ఉందా, బ్యాంకులో కుదవ పెట్టి ఉందా, అది ప్రభుత్వ భూమా అన్నవి నోటరీ చూడడు. చూడాల్సిన పని ఆయనది కాదు. ఎవరైనా వచ్చి తిరుమల కొండ మొత్తం నాదేనని ప్రమాణపత్రం రాసిచ్చినా, కింద పడే ముద్ర ఆ సంతకం అతనిదేనని మాత్రమే చెబుతుంది.

మరి జాగా చేతులు మారేది ఎట్లా? 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం రెండూ ఒకే మాట చెబుతున్నాయి. వంద రూపాయలు, ఆపైన విలువ చేసే స్థిరాస్తిని అమ్మితే ఆ దస్తావేజు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరు కావాల్సిందే. కాకపోతే ఆ కాగితంతో హక్కు రాదు. మన రాష్ట్రంలో 1999లో ఇంకో అడుగు ముందుకేసి, అమ్మకం అగ్రిమెంటును కూడా రిజిస్టరు చేయించి తీరాల్సిన పత్రాల్లో చేర్చారు. 2011 అక్టోబరు 11న సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీం కోర్టు తేల్చి చెప్పింది: అగ్రిమెంటు, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ), వీలునామా ఈ మూడూ కలిపి కట్టినా అమ్మకం కాదు, హక్కు మారదు.

ఎముక విరిగితే పుత్తూరు కట్టు కట్టించుకోవాల గానీ, పైన పసుపు పూసి అతుక్కుందనుకుంటే ఎట్లా?

ఎందుకు మోసపోతున్నాం?

మన జనం తెలివితక్కువ వాళ్ళు కాదు. లెక్క చూడండి. మన రాష్ట్రంలో అమ్మకం దస్తావేజు మీద స్టాంపు డ్యూటీ 5 శాతం, బదలాయింపు సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం. మొత్తం 7.5 శాతం. కొన్న ధర, ప్రభుత్వం పెట్టిన మార్కెట్ విలువ రెండింట్లో ఏది ఎక్కువో దాని మీద కట్టాలి. పది లక్షల జాగాకు 75,000 రూపాయలు. చీటీ పాడి, నగలు కుదవ పెట్టి, కువైట్‌లో ఉన్న కొడుకు పంపిన డబ్బు కలిపి జాగా కొన్న ఇంట్లో ఆ 75,000 ఎక్కడి నుంచి వస్తుంది? అప్పుడే బ్రోకరు మెల్లగా అంటాడు: "ఇప్పటికి నోటరీ చేయించుకోండి సామీ, రిజిస్ట్రేషన్ తర్వాత చూసుకుందాం." ఆ తర్వాత రాదు. వచ్చినా అమ్మినాయన ఉండడు.

అమ్మినాయన చనిపోతే ఆయన పిల్లలు ఏమంటారో మీకు తెలుసు. "మా నాయన సంతకం ఇట్లా ఉండదు" అంటారు, లేకపోతే "ఇంకో ఐదు లక్షలు ఇస్తే వచ్చి సంతకం పెడతాం" అంటారు. ఆయన బతికే ఉండి, మనసులో దురాశ పుడితే ఇంకా ఘోరం. జాగా మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపించే ఈసీలో నోటరీ అగ్రిమెంటు ఎక్కదు. అదే జాగా కొనడానికి రెండోవాడు వచ్చి ఈసీ తీసి చూస్తే శుభ్రంగా కనిపిస్తుంది. అతను డబ్బు కట్టి రిజిస్టరు చేయించుకుంటాడు. మీ సంగతి తెలియకుండా నిజాయితీగా కొన్నాడని తేలితే, కోర్టులో పైచేయి అతనిదే. మీరు ఆ జాగా మీద బ్యాంకు లోను అడిగితే మేనేజరు రిజిస్టరు దస్తావేజు చూపించమంటాడు. ఇల్లు కట్టుకుందామని ప్లాను పెడితే తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) వాళ్ళూ, మున్సిపాలిటీ వాళ్ళూ అదే అడుగుతారు.

ఇంకో రకం నోటరీ అమ్మకం ఉంది. అది ఇంతకంటే ప్రమాదం. రిజిస్ట్రేషన్ ఖర్చు తప్పించుకోవడానికి చేసేది కాదు, ఆ భూమి అసలు రిజిస్ట్రేషనే కాదు గనక నోటరీకి వస్తారు. మన జిల్లాల్లో డీకేటీ పట్టాల భూములు ఊరూరా ఉన్నాయి. పేదవాడు సాగు చేసుకోమని ప్రభుత్వం ఇచ్చిన భూమి అది. దాన్ని అమ్మడం 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం కింద చెల్లదు. ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు, కొన్నవాడి మీదే కేసు పెట్టే వీలు కూడా ఆ చట్టంలో ఉంది. ఇరవై ఏళ్ళు దాటిన పట్టాలకు 2023లో షరతులతో సడలింపు ఇచ్చారు నిజమే. కానీ ఆ సడలింపు మీరు కొనే సర్వే నంబరుకు వర్తించిందని, నిషేధిత జాబితా నుంచి తీసేశారని రికార్డు చూపించాలి గానీ, బ్రోకరు నోటి మాట చాలదు.

తిరుపతి చుట్టుపక్కల మఠం భూముల కథ వేరే చెప్పాలా? 1843 నుంచి 1933 దాకా తిరుమల గుడి పాలన చూసిన హథీరాంజీ మఠానికి ఈ ఊరి చుట్టూ భూములున్నాయి. దేవాదాయ భూములు, మఠం భూములు, చెరువు పోరంబోకులు, ప్రభుత్వ భూములు ఇవన్నీ రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ సెక్షన్ కింద నిషేధిత జాబితాలోకి వస్తాయి. వాటికి రిజిస్ట్రేషన్ జరగదు. జరగదు కాబట్టే "నోటరీ చాలు" అంటారు. ఆ మాట వినిపించిన చోట జాగా కొనకండి.

2024 ఎన్నికలప్పుడు ల్యాండ్ టైటిలింగ్ చట్టంతో మన భూములు పోతాయని ఊరూరా ఎంత గోల జరిగింది! ఆ చట్టం ఆ ఏడాదే రద్దయింది. అంత భయపడిన మనమే, అడిగేవాడు లేకుండా, మన చేతులతో మనం నోటరీ కాగితానికి లక్షలు పోస్తున్నాం.

ఇప్పటికే నోటరీ అగ్రిమెంటు ఉన్నవాళ్ళు ఏం చేయాలి?

ఈ వారంలోనే ఆ కాగితం బయటికి తీయండి. అమ్మినాయన బతికుండి, మనసు మారకుండా ఉంటే, ఎట్లాగైనా డబ్బు సర్దుకుని రిజిస్ట్రేషన్‌కు పోండి. దీనికి మించిన పెట్టుబడి లేదు. ఆయన రాను అంటున్నాడా? అయితే ఆలస్యం చేయకండి. అగ్రిమెంటు ప్రకారం అమ్మకం పూర్తి చేయించమని కోర్టుకు పోవడానికి లిమిటేషన్ చట్టం ఇచ్చే గడువు మూడేళ్ళు. అగ్రిమెంటులో తేదీ పెట్టి ఉంటే ఆ తేదీ నుంచి, లేకపోతే ఆయన రాను అన్నాడని మీకు తెలిసిన రోజు నుంచి. రిజిస్టరు కాని కాగితం కూడా ఆ రకం దావాలో సాక్ష్యంగా పనికొచ్చే దారి రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షన్‌లోనే ఉంది. స్టాంపు డ్యూటీ తక్కువ పడి ఉంటే ఆ లోటు, దాని మీద పదింతల దాకా జరిమానా కట్టాల్సి రావచ్చు. అంటే ఆ కాగితం చెత్త కాదు, భరోసా కూడా కాదు. ఎంతవరకు పనికొస్తుందో లాయరుకు చూపించి తెలుసుకోండి.

ఒక్క పని మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. పాత తేదీ స్టాంపు పేపరు వెతికి తెచ్చి, పాత తేదీ వేసి, కొత్తగా రాయించుకోవడం. స్టాంపు పేపరు ఆరు నెలలకు చచ్చిపోదని, ఆరు నెలల గడువు డబ్బు వాపసు అడగడానికేనని 2008లో తిరువెంగడ పిళ్ళై కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. కాబట్టి పాత పేపరు వాడటం తప్పు కాదు. దాని మీద దొంగ తేదీ వేయడం నేరం.

నోటరీ దగ్గరికి పోవాల్సిన పని వస్తే

ఈ కరపత్రం నోటరీల మీద కోపంతో రాసింది కాదు. మన కోర్టుల్లో సర్టిఫికెట్టు, రిజిస్టరు పక్కాగా పెట్టుకుని, ముసలమ్మ వస్తే ప్రతి వాక్యం తెలుగులో చదివి వినిపించి మరీ ముద్ర వేసే లాయర్లున్నారు. అట్లాంటివాళ్ళ దగ్గరికే పోండి.

మామూలుగా పదేళ్ళు ప్రాక్టీసు ఉన్న లాయరే నోటరీ కాగలడు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, బీసీ లాయర్లకు ఏడేళ్ళు చాలు. ఆయనకు ఇచ్చే ప్రాక్టీసు సర్టిఫికెట్టు ఐదేళ్ళకే, తర్వాత మళ్ళీ పొడిగించుకోవాలి. గుండ్రటి ముద్రలో ఆయన పేరు, ఆయన పనిచేసే ప్రాంతం, నియమించిన ప్రభుత్వం కేంద్రమా రాష్ట్రమా అన్నది ఉండాలి. ఫీజు ఎంతో రాసిన బోర్డు ఆఫీసు లోపలా బయటా కనిపించేలా పెట్టాలని 1956 నాటి నోటరీ నిబంధనల్లో ఉంది. చేసిన ప్రతి పనీ రిజిస్టరులో ఎక్కాలి, తీసుకున్న ఫీజుకు రసీదు ఇవ్వాలి. ఈ సంగతి మనలో ఎంతమందికి తెలుసు? రసీదు అడిగిన మనిషిని ఎవరైనా చూశారా? ఈసారి అడగండి. రిజిస్టరులో మీ సంతకం కూడా తీసుకోమనండి. రేపు ఎవరైనా "ఈ సంతకం నాది కాదు" అంటే, మిమ్మల్ని కాపాడేది ఆ రిజిస్టరే.

సంతకం పెట్టే మనిషి లేకుండా ముద్ర వేస్తామన్నా, ముందే ముద్ర కొట్టిన ఖాళీ కాగితం చూపించినా వెనక్కి తిరిగి వచ్చేయండి. పని తొందరగా అయిపోయిందని సంతోషపడతాం గానీ, మనం లేకుండా మన పేరు మీద ముద్ర పడగలిగితే, ఇంకొకరు మన పేరు మీద వేయించుకోవడానికి కూడా అదే దారి. నోటరీ కానివాడు నోటరీనని చెప్పుకుంటే ఏడాది దాకా జైలు. నోటరీయే తప్పు చేస్తే, ఆయన్ని నియమించిన ప్రభుత్వానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. విచారణలో తేలితే పేరు తీసేస్తారు.

ఇంగ్లీషులో టైపు చేసిన ప్రమాణపత్రం మీద అర్థం కాకుండా వేలిముద్ర వేయకండి. తెలుగులో రాయమనండి. చదువు రానివాళ్ళ విషయంలో "చదివి వినిపించారు, అర్థమైంది" అన్న వాక్యం కాగితంలో ఉండాలి. అబద్ధపు ప్రమాణం చేస్తే శిక్ష పడేది టైపు చేసినవాడికి కాదు, సంతకం పెట్టినవాడికి. భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద మామూలుగా మూడేళ్ళ దాకా, కోర్టు వ్యవహారమైతే ఏడేళ్ళ దాకా జైలు.

అప్పు తీసుకునేటప్పుడు ఖాళీ ప్రోనోటు మీదో, ఖాళీ స్టాంపు పేపరు మీదో సంతకం అడుగుతారు. మన వైపు ఇది మామూలైపోయింది. సంతకం పెట్టిన ఖాళీ ప్రోనోటును నింపుకునే అధికారం పట్టుకున్నవాడికి చట్టమే ఇస్తుంది. అంకె రాయకుండా సంతకం పెట్టకండి, అంతే.

అక్కర్లేని చోట ముద్ర అడిగితే

పాస్‌పోర్టు కోసం పోయేవాళ్ళు కొందరు దారిలో నోటరీ చేయించుకుని మరీ పోతుంటారు. 2016 డిసెంబరులోనే విదేశాంగ శాఖ ఈ బెడద తీసేసింది. దరఖాస్తుతో ఇచ్చే ప్రకటనలన్నీ తెల్ల కాగితం మీద సొంత సంతకంతో ఇస్తే చాలు. సర్టిఫికెట్ల కాపీల మీద సొంత సంతకమే చాలని ప్రభుత్వాలు 2014 నుంచే చెబుతున్నాయి. అయినా ఏదైనా ఆఫీసులో గుమస్తా "నోటరీ చేయించుకు రా" అంటే, ఏ నిబంధన కింద అని మర్యాదగా అడిగి, రాసివ్వమనండి. రాసివ్వడానికి చేతులు రాని చోట, అవసరమూ ఉండదు.

వీలునామాకు నోటరీ అక్కర్లేదు, స్టాంపు పేపరూ అక్కర్లేదు. కావాల్సింది ఇద్దరు సాక్షుల సంతకాలు. కావాలంటే సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టరు చేయించుకోండి, అది మంచిది. అద్దె ఒప్పందానికీ నోటరీ అక్కర్లేదు; మన రాష్ట్రంలో అది ఎన్ని నెలలకు రాసుకున్నా రిజిస్టరు చేయించాల్సిందే.

పెళ్ళి సంగతి గట్టిగా చెప్పాలి. ఇంట్లో ఒప్పుకోలేదని ఇద్దరు పిల్లలు వచ్చి, దండలు మార్చుకుని, స్టాంపు పేపరు మీద నోటరీ చేయించుకుని "మాకు పెళ్ళయిపోయింది" అంటారు. కాలేదు. నోటరీ పెళ్ళి చేయించే అధికారి కాదని, పెళ్ళికీ విడాకులకూ పత్రాలు చేయకూడదని కేంద్ర న్యాయ శాఖ 2024 అక్టోబరులో మళ్ళీ నోటరీలకు రాసింది. విడాకుల కాగితమైతే ఇంకా దారుణం. మొగుడు స్టాంపు పేపరు మీద సంతకం పెట్టి పంపేస్తే, ఆ అమ్మాయి తనకు విడాకులు వచ్చేశాయని నమ్మి భరణం, హక్కులు అడగడం మానేస్తుంది. అక్కా, ఆ కాగితంతో నీ పెళ్ళి రద్దు కాలేదు, నీ హక్కులూ పోలేదు. ఊరి పద్ధతి పేరుతో పెద్దమనుషులు ఏం రాయించినా, కాగితం పట్టుకుని లాయరు దగ్గరికి పో.

విదేశాల్లో పిల్లలున్న తల్లిదండ్రులకు ఒక మాట. అమెరికాలో ఉన్న అబ్బాయి ఇక్కడి జాగా అమ్మమని మీకు పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలంటే, అక్కడి భారత కాన్సులేట్‌లోనో, అక్కడి నోటరీ ముందరో సంతకం పెట్టాలి. నోటరీ దారిలో పోతే ఆ దేశపు అపొస్టిల్ (ప్రభుత్వ ధ్రువీకరణ) కూడా వేయించి పంపమనండి. మన దేశం అపొస్టిల్ ఒప్పందంలో 2005 నుంచి ఉంది. ఆ కాగితం ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించుకోవాలి. కువైట్ వంటి ఒప్పందంలో లేని దేశంలో ఉంటే అక్కడి భారత ఎంబసీ దారి తేలిక. అదే మన దేశంలోనే ఉన్న మనిషి, తన బదులు సబ్ రిజిస్ట్రార్ ముందు ఇంకొకరు దస్తావేజు దాఖలు చేయడానికి పవర్ ఇవ్వాలంటే, నోటరీ ముద్ర చాలదు. తానుండే చోటి సబ్ రిజిస్ట్రార్ ముందే ఆ పవర్ మీద సంతకం పెట్టి ధ్రువీకరించుకోవాలి. ఇక్కడ చాలామంది దెబ్బ తింటున్నారు.

రండి, ఇప్పుడు చేయాల్సింది చేద్దాం

జాగాకు అడ్వాన్సు ఇచ్చే ముందు సర్వే నంబరు అడిగి తీసుకోండి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఈసీ, నిషేధిత ఆస్తుల జాబితా రెండూ చూసుకోవచ్చు. అడంగల్, 1-బి రికార్డులు మీభూమి వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. ఫోను వాడటం రాకపోతే ఇంట్లో చదువుకునే పిల్లల్ని కూర్చోబెట్టండి, లేదా సచివాలయానికి పోండి. లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపించండి. లాయరుకిచ్చే ఫీజు గురించి గొణుక్కుంటాం గానీ, బ్రోకరుకు రెండు శాతం అడగకుండానే ఇచ్చేస్తాం.

యువకులారా, మీ వీధిలో ఎవరెవరు నోటరీ కాగితాలతో ఇళ్ళు కట్టుకున్నారో మీకు తెలుసు. ఒక్కొక్కరుగా పోతే ఆఫీసులో మాట చెల్లదు. పదిమంది కాగితాలూ ఒక్కచోట చేర్చి, సర్వే నంబర్ల వారీగా రాసి, ఆ జాగాల సంగతి తేల్చమని తహశీల్దారు ఆఫీసులో అర్జీ ఇవ్వండి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే రోజున అందరూ కలిసి పోండి. అర్జీకి రసీదు తీసుకోవడం మరవకండి.

లాయరు ఫీజు కట్టలేనివాళ్ళు వెనక్కి తగ్గకండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద ఆడవాళ్ళకు, ఎస్సీ, ఎస్టీలకు, పిల్లలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. ఆదాయం తక్కువ ఉన్న మిగతావాళ్ళకూ ఇస్తారు. చిత్తూరు కోర్టులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, తిరుపతి కోర్టులో మండల న్యాయ సేవల కమిటీ ఉంది. పోలేకపోతే 15100కు ఫోను చేయండి, డబ్బు ఖర్చు కాదు. మీ కాగితం మీద ఏ తేదీ ఉంది, ముద్రలో ఎవరి పేరుంది, సర్వే నంబరు ఎంత, అమ్మినాయన ఇప్పుడు ఎక్కడున్నాడు, ఇవి నాలుగూ ఒక చీటీ మీద రాసి పక్కన పెట్టుకుని మరీ చేయండి. అవతలివాళ్ళు ముందు అడిగేవి అవే.